అమరావతికి వచ్చిన రాణులు ఎలా ఉండేవారు?

ఈ మధ్య సంఘాల వాట్సాప్ గుంపుల్లో ఒక బొమ్మ తిరుగుతోంది. పాలరాయిలాంటి ఒళ్లు, కాటుక కళ్లు, మెడ నిండా నగలు. కింద "శ్రీకృష్ణదేవరాయల పట్టపురాణి తిరుమలదేవి అసలు రూపం" అని రాసి ఉంది. ఇది నిజమేనా అని కొందరు యువతీ యువకులు మాకు పంపి అడిగారు. నిజం కాదు. అది కంప్యూటరు ఈ మధ్య గీసిన బొమ్మ. అయితే అడిగిన ప్రశ్న మాత్రం మంచిదే. అయిదు వందల ఏళ్ల కిందట మన కృష్ణ ఒడ్డుకు వచ్చిన ఆ రాణులు ఎవరు, ఎలా బతికారు, చూడటానికి ఎలా ఉండేవారు? ఏది రుజువున్న మాట, ఏది విన్న మాట, ఏది కట్టిన మాట అని విడదీసి చూస్తే దీనికి చాలావరకు జవాబు దొరుకుతుంది.

ముందు కాలం సంగతి. 1509లో విజయనగరంలో కృష్ణదేవరాయలు గద్దె ఎక్కాడు. అదే 1509లో ఇంగ్లండులో ఎనిమిదవ హెన్రీ గద్దె ఎక్కాడు. బైబిలు తర్జుమా చరిత్ర, సంఘ సంస్కరణ చరిత్ర చదివినవారికి హెన్రీ పేరు, అతని ఆరుగురు భార్యల పేర్లు తెలుసు. ఆ కాలాన్ని ఇంగ్లీషు చరిత్రలో ట్యూడరు కాలం అంటారు. ట్యూడరు రాణుల కథలు మన పిల్లలు సినిమాల్లోనూ సీరియళ్లలోనూ చూస్తున్నారు. అదే కాలంలో మన ఊళ్లమీదుగా నడిచిన రాణుల సంగతి అడిగితే మాత్రం "మహామంత్రి తిమ్మరుసు" సినిమా గుర్తుకు వస్తుంది తప్ప మరేమీ రాదు.

1515 జూన్ 23న కొండవీడు కోట రాయల చేతికి వచ్చింది. అప్పటిదాకా అది ఒరిస్సా గజపతుల కోట. కోట పట్టుబడ్డాక రాయలు ధరణికోట పక్కనున్న అమరేశ్వరాలయానికి వచ్చాడు. ఒంటరిగా రాలేదు, ఇద్దరు రాణులను వెంటబెట్టుకుని వచ్చాడు. వారి పేర్లు తిరుమలదేవి, చిన్నాదేవి. రాజు తులాపురుషదానం చేశాడు. అంటే త్రాసులో ఒక తట్టలో తాను కూర్చుని, రెండో తట్టలో తనంత బంగారం తూచి దానమివ్వడం. చిన్నాదేవి చేత రత్నధేనువు అనే దానం, తిరుమలదేవి చేత సప్తసాగరం అనే దానం చేయించినట్టు శాసనం చెబుతుంది. మొదటిది రత్నాలు తాపించిన ఆవు బొమ్మ. రెండోది ఏడు సముద్రాలకు గుర్తుగా ఏడు పాత్రలను ఉప్పు, పాలు, నెయ్యి మొదలైనవాటితో నింపి ఇచ్చేది.

ఈ ఆచారాలు మన విశ్వాసానికి చెందినవి కావు. కానీ శాసనం విలువ వేరు. అది ఎవరు ఎక్కడికి వచ్చారో, ఏమి ఇచ్చారో అప్పటికప్పుడు రాతిమీద చెక్కిన లెక్క. ఆస్తి దస్తావేజు లాంటిది. దానిలో పొగడ్త ఉంటుంది, ఆ పొగడ్తను పక్కన పెట్టవచ్చు. పేరు, ఊరు, సంవత్సరం మాత్రం పక్కన పెట్టలేం. కాబట్టి మన నేలమీద ఆ ఇద్దరు స్త్రీలు నిలబడ్డారన్నది గట్టి మాట. (వారు వచ్చిననాడు ఈ చేలల్లో మిరప లేదని గుర్తుంచుకోండి. ఆ కాయను పోర్చుగీసువారు సముద్రం దాటించి తెచ్చారు. రాణీవాసం వంటలో కారం అంటే మిరియాలే.)

ఇదే జంట పేర్లు ఇతర చోట్లా కనిపిస్తాయి. 1513లో రాయలు మొదటిసారి తిరుమలకు వెళ్లినప్పుడు ఈ ఇద్దరూ పాల నైవేద్యానికి చెరొక బంగారు గిన్నె ఇచ్చారు. 1516లో సింహాచలం వెళ్లారు. అక్కడ రాజు తన తల్లిదండ్రుల పుణ్యం కోసం 991 ముత్యాల హారం ఇచ్చినట్టు లెక్క ఉంది. దండు కదిలిన దారిలోనే, గుడారాల్లో, ఎండలో వానలో, వీరూ కదిలారన్నమాట. రాణి అంటే అంతఃపురంలో పాన్పుమీద కూర్చున్న బొమ్మ అని మనం అనుకుంటాం. ఈ తేదీలను వరుసగా పెట్టి చూడండి, తిరుమల నుండి కొండవీటికి, అమరావతికి, సింహాచలానికి. మూడు నాలుగేళ్లలో వారు తిరిగినంత దూరం ఆనాటి సామాన్య స్త్రీ జీవితమంతా తిరిగి ఉండదు.

ఇక రూపం. ఇక్కడే చిక్కు వస్తుంది.

డొమింగో పేస్ అనే పోర్చుగీసువాడు 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చాడు. తాను చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు రాసుకున్నాడు. రాజును స్వయంగా చూశాడు. ఆయన మధ్యస్థమైన ఎత్తు, తెల్లని చాయ, సన్నం కంటే కాస్త లావు వైపే, ముఖంమీద మశూచికపు మచ్చలు ఉన్నాయి అని రాశాడు. ఎంత చక్కని వర్ణనో చూడండి. ఏ ఆస్థాన కవీ ఆ మచ్చల మాట ఎత్తడు. పరదేశి కాబట్టి ఎత్తాడు.

అదే పేస్ రాణుల దగ్గరకు వచ్చేసరికి ఒక్క ముఖం గురించి కూడా రాయలేదు. కారణం ఆయనే చెప్పాడు. వారిని ఏ మగవాడూ చూడలేడు. రాజు దయతలిస్తే ఏ వృద్ధుడైన గొప్పవాడో చూడవచ్చు. బయటికి కదిలితే అన్ని వైపులా మూసిన పల్లకీలో, చుట్టూ మూడు నాలుగు వందల మంది నపుంసకులైన కావలివారితో కదులుతారు. అమరావతికి కూడా ఆ మూసిన పల్లకీలోనే వచ్చి ఉంటారని మా ఊహ. అప్పుడు కృష్ణ ఒడ్డున నిలబడి చూసిన మన పూర్వికులకు కనిపించింది పల్లకీ తెర మాత్రమే.

మరి పేస్ చూసినదేమిటి? మహానవమి పండుగలో రాణుల చెలికత్తెలను చూశాడు. పదహారు నుండి ఇరవై ఏళ్ల ఆడపిల్లలు. నెత్తిన ఎత్తైన కుళ్లాయిలు, వాటిమీద పెద్ద ముత్యాలతో చేసిన పువ్వులు. కొండవీటి కవి శ్రీనాథుడు కర్ణాట రాజసభకు వెళ్లినప్పుడు పెట్టుకోవలసి వచ్చిన కుళ్లాయి మనకు తెలుసు. ఆడవారు కూడా దాన్ని పెట్టుకున్నారని పేస్ రాతవల్లే తెలుస్తుంది. మెడలో పచ్చలు, వజ్రాలు, కెంపులు పొదిగిన కంటెలు, ముత్యాల పేటలు, దండలకు వంకీలు, నడుముకు ఒకదాని కింద ఒకటిగా తొడ సగం వరకు వేలాడే ఒడ్డాణాలు, కాళ్లకు అందెలు. కొందరు ఆ బరువుకు నడవలేక పోతుంటే పక్కనున్న స్త్రీలు చేతులు పట్టి నడిపించారట. చెలికత్తెలకే అంత ఉంటే రాణికి ఎంత ఉండాలి అని పేస్ ఆశ్చర్యపోయాడు. ఒక్కొక్క రాణికి అలాంటి చెలికత్తెలు అరవైమంది, సొంత ఇల్లు, సొంత ఖజానా ఉన్నాయని కావలివారు ఆయనకు చెప్పారు.

మేము ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పదలచాం. నగల బరువుకు నడవలేని పదహారేళ్ల పిల్లను పేస్ వైభవంగా చూశాడు. ఆ పిల్లకు అది పగలంతా మోసిన బరువు. ఎస్తేరు గ్రంథం మొదటి అధ్యాయం చదివినవారికి వష్తి రాణి గుర్తుకు రాక మానదు. రాజు ఆమె అందాన్ని జనానికి చూపించాలనుకున్నాడు, ఆమె రానన్నది. విజయనగరంలో రాణిని తెరచాటున దాచారు, ఆమె ఐశ్వర్యాన్ని మాత్రం చెలికత్తెలమీద వేసి ఊరేగించారు. రెండు చోట్లా ప్రదర్శన రాజుదే.

ముఖం ఎక్కడైనా ఉందా అంటే ఉంది. తిరుమల ఆలయ మహాద్వారం దాటగానే ఉన్న ప్రతిమా మండపంలో రాగితో చేసిన మూడు నిలువు విగ్రహాలున్నాయి. నడుమ కృష్ణదేవరాయలు, రెండు పక్కలా తిరుమలదేవి, చిన్నాదేవి. ఎవరు ఎవరో భుజాలమీద పేర్లు చెక్కారు. ముగ్గురూ చేతులు జోడించి ఉన్నారు. రాజు తలమీద పొడవాటి కుళ్లాయి ఉంది. రాణుల తలమీద కుళ్లాయి లేదు, జుట్టు కొప్పు పెట్టి ఉంది. పూల నేత ఉన్న చీర కుచ్చెళ్లు, చేతుల నిండా గాజులు, మెడలో హారాలు కనిపిస్తాయి. పేస్ చూసిన పండుగ వేషంతో పోలిస్తే ఈ వేషం ఎంతో తేలిక. దేవుని ముందు నిలబడినట్టు చేయించుకున్న బొమ్మలు కాబట్టి అలా ఉన్నాయి. అదే మండపంలో తరువాతి రాజు అచ్యుతదేవరాయలు, ఆయన రాణి వరదాజి ప్రతిమలు రాతితో ఉన్నాయి.

అయితే తిరుమలదేవి ముఖం అదేనా? ఒక పరీక్ష పెట్టి చూద్దాం. పేస్ కళ్లారా చూసిన మశూచికపు మచ్చలు రాజు రాగి ముఖంమీద లేవు. ముఖం నున్నగా ఉంది. రాజు మచ్చలనే చెరిపేసిన శిల్పి రాణుల ముఖాలను ఉన్నవి ఉన్నట్టు పోతపోశాడని ఎలా నమ్మగలం? పైగా ఆ ఇద్దరు రాణులూ ఒకే పోలికలో, దాదాపు అక్కచెల్లెళ్లలా ఉన్నారు. కాబట్టి ఆ విగ్రహాల నుండి మనం నమ్మకంగా తీసుకోగలిగింది జుట్టు తీరు, బట్ట, నగ, నిలబడిన పద్ధతి. ముఖాన్ని మాత్రం శిల్పి సంప్రదాయానికి వదిలేయాలి.

ఇది మన దేశపు లోపం అనుకోవద్దు. ఇంగ్లండులో చిత్రకారులు ముఖాలు రాయడంలో ఆరితేరినవారు, అక్కడా ఇంతే. హెన్రీ రెండవ భార్య ఆన్ బొలిన్‌ను 1532లో వెనిస్ రాయబారి చూసి రాశాడు. గొప్ప అందగత్తె కాదు, చామనచాయ, పొడవైన మెడ, వెడల్పు నోరు, నల్లని అందమైన కళ్లు అని. 1536లో ఆమె తల నరికించాడు హెన్రీ. చాలా ఏళ్ల తరువాత నికొలస్ శాండర్ అనే కతోలిక గురువు రాసిన పుస్తకంలో ఆమెకు కుడిచేతికి ఆరు వేళ్లు, పొడుచుకొచ్చిన పన్ను, గడ్డం కింద కణితి వచ్చాయి. ఆ పుస్తకం 1585లో అచ్చయింది. ఆమె చనిపోయినప్పుడు శాండర్ చిన్న పిల్లవాడు. సంఘ సంస్కరణకు ఆమె కారణమన్న కోపం వేలుగా, పన్నుగా మొలిచింది.

మనవాళ్లు, అంటే ప్రొటెస్టెంటులు, తక్కువ తినలేదు. హెన్రీ నాలుగవ భార్య క్లీవ్స్ దేశపు ఆన్. ఆమె చిత్రాన్ని 1539లో హాల్బయిన్ రాశాడు. అది ఇప్పుడు పారిస్‌లోని లూవ్రు మ్యూజియంలో ఉంది. 1540 జనవరి ఆరున పెళ్లి, జూలైలో పెళ్లి రద్దు. ఆమె నచ్చలేదని రాజు అన్నాడు. ఫ్రెంచి రాయబారి చూసి ఆమె పొడగరి, సన్నగా ఉంటుంది, ఓ మాదిరి అందం, ముఖంలో ధైర్యం ఉంది అని రాశాడు. ఆమె అందవికారి అని ఆనాడు చూసిన ఇతరులు అనలేదు. నూటనలభై ఏళ్ల తరువాత, 1679లో, గిల్బర్టు బర్నెట్ అనే మన వైపు చరిత్రకారుడు, తరువాత బిషప్పు అయినవాడు, రాజు ఆమెను ఆడగుర్రంతో పోల్చాడని రాశాడు. నేటికీ పాఠ్యపుస్తకాల్లో ఆ గుర్రం మాటే నిలిచింది. ఈ పెళ్లి కుదిర్చిన థామస్ క్రామ్వెల్ తల అదే జూలైలో తెగింది. 1539లో ఇంగ్లీషు బైబిలు ప్రతి గుడిలోకి వెళ్లడానికి పాటుపడినవాడు ఆయనే. ఒక స్త్రీ ముఖంమీద ఒక రాజుకు కలిగిన అయిష్టం ఎంత దూరం పోయిందో చూడండి. గుర్రమని పేరు పడ్డ ఆన్ మాత్రం హెన్రీ కంటే పది సంవత్సరాలు ఎక్కువ బతికి, 1557లో కన్నుమూసి, వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధి అయింది.

మళ్లీ మన నేలకు వద్దాం, ఎందుకంటే మన దగ్గర కూడా ఇలాంటి కథ ఒకటుంది. అది ప్రకాశం పడమటి మెట్టలోది.

గజపతితో యుద్ధం ముగిసి సంధి కుదిరినప్పుడు ప్రతాపరుద్ర గజపతి తన కూతురిని రాయలకు ఇచ్చాడు. కృష్ణకు ఉత్తరాన గెలిచిన నేలను రాయలు తిరిగి ఇచ్చేశాడు. ఆ కూతురి పేరు ఒకచోట జగన్మోహిని, ఒకచోట అన్నపూర్ణ, ఒకచోట తుక్క, మరొకచోట భద్ర. ఈమె గురించిన కథ ఇది. తొలిరాత్రి ఆమె రాజును దాసీపుత్రుడని చులకన చేసిందట, పొడవడానికి కత్తి దాచిందట, అందుకు రాజు ఆమెను వదిలేసి కంభం పంపేశాడట, అక్కడ ఒంటరిగా ఉంటూ ఆమె చెరువు కట్టించిందట, భర్త తన అందాన్ని చూడలేదన్న దుఃఖంతో సంస్కృతంలో అయిదు శ్లోకాలు చెప్పిందట. ఆ శ్లోకాలను తుక్కాపంచకం అంటారు. కంభం వారు మాత్రం చెరువు కట్టించిన గజపతి ఆడపడుచు పేరు వరదరాజమ్మ అంటారు.

ఈ కథను మేమూ చిన్నప్పుడు కంటనీరు పెట్టుకుని విన్నాం. కానీ పేస్ రాతను దీని పక్కన పెట్టండి. పెళ్లి జరిగిన కొద్ది కాలానికే ఆయన విజయనగరంలో ఉన్నాడు. రాజుకు పన్నెండుమంది భార్యలని, వారిలో ముగ్గురు ముఖ్యులని, ఆ ముగ్గురిలో ఒరిస్సా రాజు కూతురు ఒకతె అని రాశాడు. ముగ్గురికీ అన్నీ సమానంగా ఇచ్చారని, వారు స్నేహంగా ఉంటారని కూడా రాశాడు. స్నేహం మాట కావలివారు చెప్పింది, దాన్ని పూర్తిగా నమ్మనక్కరలేదు. ఏ ఇంట్లో సవతులు స్నేహంగా ఉన్నారో లేయా రాహేలులను అడగాలి. కానీ ముగ్గురు ముఖ్య రాణుల లెక్క పేస్ ఊహించి రాసింది కాదు, ఊరందరికీ తెలిసిన సంగతి. గద్దె పక్కన స్థానమున్న స్త్రీని వెళ్లగొట్టిన స్త్రీ అని ఎలా అనగలం?

ఇంకొక లెక్క కూడా ఉంది. కంభం చెరువు చిన్న కుంట కాదు. గుండ్లకమ్మకు అడ్డంగా రెండు కొండల నడుమ కట్ట వేసి నిలిపిన సముద్రమది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం దాన్ని ప్రపంచ వారసత్వ నీటి కట్టడంగా గుర్తించింది. దాన్ని కట్టించింది గజపతి ఆడపడుచే అనుకుందాం. వెళ్లగొట్టబడి కన్నీళ్లతో కాలం గడిపే స్త్రీకి అన్ని వేలమంది కూలీలను పిలిపించే సొమ్ము, అధికారం ఎక్కడివి? సొంత ఖజానా ఉన్న రాణికైతే ఉంటాయి. చెరువు కథ నిజమైతే కన్నీటి కథ నిలవదు, కన్నీటి కథ నిజమైతే చెరువు కథ నిలవదు. మా తీర్పు చెరువు వైపే మొగ్గుతుంది. నీళ్లు నిలిపి పొలాలు తడిపించిన స్త్రీని "అందం ఉండీ మొగుడు ముట్టని ఆడది" అని చెప్పుకోవడంలో మనవాళ్లకు ఏదో రుచి ఉన్నట్టుంది.

చిన్నాదేవి గురించి కూడా చెప్పాలి. ముగ్గురిలో ఒకతె, రాజు యువరాజుగా ఉన్నప్పుడే ప్రేమించిన వారకాంత అని పేస్ రాశాడు. రాజునయ్యాక నిన్ను పెళ్లాడతానని మాట ఇచ్చి, గద్దె ఎక్కాక ఆ మాట నిలుపుకున్నాడు. పదిహేనేళ్ల తరువాత వచ్చిన నూనిజ్ అనే మరో పోర్చుగీసువాడు ఆమె పేరు చిన్నాదేవి అన్నాడు. కొందరు పెద్దలకు ఈ సంగతి చెప్పడం ఇష్టం ఉండదు, దాచేస్తారు. మరికొందరు అదొక్కటే చెబుతారు. శాసనాల్లో చూస్తే తేడా ఏమీ లేదు. శ్రీరంగపట్నపు రాజు కూతురైన తిరుమలదేవి పక్కన అదే వరుసలో ఆమె పేరు ఉంటుంది, అదే బరువుతో ఆమె దానం ఉంటుంది. అమరావతిలో రత్నధేనువు ఇచ్చింది ఆమె. రాగి విగ్రహాల్లో రాజుకు రెండో పక్కన నిలిచింది ఆమె. మన సంఘాల్లో గడిచిపోయిన జీవితాన్ని తవ్వి తీసి కోడలిని రెండో వరుసలో కూర్చోబెట్టే ఇళ్లు ఎన్ని లేవు! విజయనగరం రాతిమీద మాత్రం ఆ పని చేయలేదు.

చాయ విషయం కూడా ఒక్క మాట. పేస్ రాజును తెల్లనివాడన్నాడు, వెనిస్ రాయబారి రాణిని చామనచాయ అన్నాడు. మన వారపత్రికల పెళ్లి ప్రకటనల్లో ఈ రెండు మాటలే నేటికీ మొదటి వరుసలో ఉంటాయి, బాప్తిస్మం సంగతి మూడో వరుసలో వస్తుంది. ఫోన్లలో తిరిగే బొమ్మలో తిరుమలదేవిని పాలరాయిలా చేసినది కూడా ఆ మొదటి వరుసే. కృష్ణా కావేరుల మధ్య పుట్టి దండు వెంట తిరిగిన స్త్రీని ఆ రంగులో చూపడానికి శాసనంలో గాని, పేస్ రాతలో గాని ఒక్క ఆధారం లేదు.

తిరుమలదేవి జీవితంలో మనకు నిజంగా తెలిసిన పెద్ద దుఃఖం ఒకటుంది, దానికి ముఖంతో పని లేదు. ఆమెకు తిరుమలరాయలని ఒక కొడుకు పుట్టాడు. ఆరేళ్ల వాడు కాగానే తండ్రి అతనికి పట్టం కట్టాడు. ఎనిమిది నెలలకు పిల్లవాడు జబ్బుపడి చనిపోయాడని నూనిజ్ రాశాడు. విషం పెట్టారన్న మాట పుట్టింది. ఆ అనుమానం మంత్రి తిమ్మరుసు కుటుంబంమీద పడింది, ముసలి మంత్రి కళ్లు పోయాయి. సినిమాలో మనకు గుర్తుండేది తిమ్మరుసు కళ్లే. కొడుకును పోగొట్టుకున్న తల్లి ఆ కథలో వెనక నిలబడిపోయింది. అదే తరంలో ఇంగ్లండులో హెన్రీ మొదటి భార్య కేథరిన్‌కు 1511 నూతన సంవత్సరం రోజున కొడుకు పుట్టి యాభై రెండు రోజులు బతికాడు. ఆ తరువాత ఆమెకు బతికిన కొడుకు లేడన్న కారణం చూపే రాజు ఆమెను తోసేశాడు. తిరుమలదేవిని రాయలు తోసేయలేదు.

హంపీ చూడడానికి వెళ్లేవారు హోస్పేట దిగి, అక్కడి నుండి హంపీ దారిలో అనంతశయనగుడి అనే ఊరి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. గూడు పొడవుగా, పైన గుండ్రంగా ఉన్న పెద్ద ఆలయం కనిపిస్తుంది. 1524లో కట్టించారు. ఆ ఊరికి రాయలు పెట్టిన పేరు సాలె తిరుమల మహారాయపురం, ఆ పిల్లవాడి పేరే.